గది ఏడు, ఉప్పు తక్కువ

అక్టోబరు 3

పిచ్చుకకు అమ్మమ్మ ఆశీస్సులు.

నువ్వు మరిచిపోయి వెళ్ళిన రక్తపరీక్ష కాగితం నా బల్ల మీదే ఉంది. హిమోగ్లోబిన్ 7.9. నీ వయసు పిల్లకు పన్నెండు ఉండాలి. నీ రైలు బడివాళ్ళు పెద్దమనసు చేసుకుని పదకొండు చాలన్నారు. జనవరి ఆఖరున వాళ్ళ డాక్టరు మళ్ళీ సూది గుచ్చుతాడు. పదకొండుకు ఒక్క గీత తగ్గినా నిన్ను ఇంజను ఎక్కనివ్వరు. పెట్టె సర్దుకుని ఇంటికి రావడమే. ఆరేళ్ళప్పుడు నా వంటింటి స్టూళ్ళన్నీ వరసగా పేర్చి, ముందు స్టూలు మీద కూర్చుని కూత పెట్టిన పిల్లవు నువ్వు. టీలో బన్ను ముంచుకు తిని ఆ ఇంజనును పోగొట్టుకుంటావా?

ముప్పై ఒక్క సంవత్సరాలు పెద్దాసుపత్రి ఆహార విభాగంలో కూర్చుని ఏ రోగికి ఏ పూట ఏమి పెట్టాలో, ఎన్ని గ్రాములో, ఉప్పు ఎంతో చీటీలు రాసినదాన్ని. నా సొంత మనవరాలిని రక్తం చాలక తిప్పి పంపారంటే నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోవాలి?

కాబట్టి విను. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానకు. సొంతంగా వండుకో. ఏ కాలంలో పండేది ఆ కాలంలోనే తిను. కాలం కాని కాలంలో దొరికే కూరగాయ చుట్టపుచూపుగా వచ్చినది, దానికి నీ ఒంటి మీద శ్రద్ధ ఉండదు. ఈ వారం గుమ్మడికాయ సూప్, పాలకూర వేసి ఉడికించిన పెసలు, ఒక జామపండు. తూకాలు వెనక పేజీలో ఉన్నాయి. ఏమి వండావో, ఎంత తిన్నావో రాయి. ఫోను చేయకు. ఫోనులో అబద్ధం నోటి నుంచి ఇట్టే జారిపోతుంది. కాగితం మీద రాయాలంటే చెయ్యి ఒక్క క్షణమైనా ఆలోచిస్తుంది.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. నీ పెట్టెలో అడుగున తక్కెడ పెట్టాను. అది అలంకారానికి కాదు.


అక్టోబరు 11

అమ్మమ్మకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే అన్నీ వండుకున్నాను. గుమ్మడికాయ సూప్ చాలా బాగా కుదిరింది. పాలకూర కూడా తొక్క తీసి, గింజలు తీసేసి, సన్నగా తరిగి పెసలలో వేశాను. ఒంట్లో అప్పుడే సత్తువ వచ్చినట్టుంది.

కొత్త గది గురించి అడగనే లేదు నువ్వు. ఊరి చివర రైలు షెడ్డుకు దగ్గర. ఒకప్పుడు చిన్న నర్సింగ్‌హోమ్ అట, మూతపడి పదకొండేళ్ళయింది. కిందంతా తాళాలు. మేడ మీద నాదొక్కటే గది, బయట నుంచి ఇనుప మెట్లు. తలుపు మీద 7 అని పింగాణీ బిళ్ళ ఇంకా ఉంది. గోడలు ఎంత కడిగినా ఫినాయిలు వాసన పోలేదు. వంటింటి గోడలో గూడులాంటిది, దానికి చెక్క తలుపు. తెరిచి చూస్తే లోపల చీకటి, ఒక గిలక, కిందికి వేలాడే తాడు. ఆసుపత్రి రోజుల్లో కింద నుంచి పైకి భోజనం లాగేవాళ్ళేమో. తాడు మాత్రం మెత్తగా ఉంది, ఎవరో రోజూ పట్టుకునే తాడులా.

నీ,
పిచ్చుక

తా.క. నువ్వేం తింటున్నావు?


అక్టోబరు 16

పిచ్చుకకు ఆశీస్సులు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నిన్ను నేనేమీ అనకముందే సత్తువ వచ్చిందని రాశావు. పాలకూరకు తొక్క ఎక్కడ ఉంటుంది? గింజలు ఎక్కడ ఉంటాయి? నువ్వు ఆ ఆకును బజారులో దూరం నుంచి కూడా చూడలేదని నాకు తెలిసిపోయింది.

నా ఉత్తరం కవరు చించి, మడత విప్పి చదివే ఓపిక కూడా నీకు లేదని అర్థమైంది. ఇకపై ప్రతి సోమవారం ఒక కార్డు పంపుతాను. కార్డుకు చించడం లేదు, విప్పడం లేదు. పైన గది నంబరు, కింద పదార్థం, తూకం, ఉప్పు. చదువు, వండు, తిను. ఇంతకంటే తేలిక చేయాలంటే నేనే వచ్చి నమిలి పెట్టాలి.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. నేను ఏమి తింటున్నానన్నది ఇప్పుడు చర్చలో లేదు.


అక్టోబరు 28

అమ్మమ్మకు నమస్కారాలు.

తప్పు ఒప్పుకుంటున్నాను. వండలేదు. తెల్లవారకముందే షెడ్డుకు వెళ్ళి సాయంత్రానికి మసి కొట్టుకుని వస్తాను. పొయ్యి ముందు నిలబడాలంటే కాళ్ళు మడతపడతాయి. కానీ నువ్వు ఇంత పని చేస్తావని అనుకోలేదు. థాంక్స్ చెప్పాలో, పోట్లాడాలో తెలియడం లేదు.

మంగళవారం సాయంత్రం వచ్చేసరికి గోడగూడు తలుపు తెరిచి ఉంది. లోపల చెక్క పళ్ళెం, దాని మీద తెల్లగుడ్డ కప్పిన స్టీలు పళ్ళెం. గుడ్డ తీస్తే ఆవిరి వచ్చింది. సొరకాయ కూర, ఉడికించిన శనగలు, రెండు రొట్టెలు, ఒక జామపండు నాలుగు ముక్కలుగా. పళ్ళెం అంచున 7 అని చెక్కి ఉంది. ఆకలి మీద ఉన్నాను, కూర్చుని తినేశాను. ఎవరు పంపారో తర్వాత చూడవచ్చనుకున్నాను.

మర్నాడు పొద్దున ఇనుప మెట్ల దగ్గర, మొదటి మెట్టు మీద, గులకరాయి కింద నీ కార్డు ఉంది. సొరకాయ నూట యాభై గ్రాములు, శనగలు అరవై, రొట్టెలు రెండు, జామపండు ఒకటి, నాలుగు ముక్కలు. నువ్వు రాసింది నా చేతికి అందేలోపే నా కడుపులో పడింది అమ్మమ్మా. ఆ వారమంతా పళ్ళెం అలాగే వస్తూ ఉంది. ఎవరితో మాట్లాడి ఏర్పాటు చేశావు?

వండుకున్నమ్మకు ఒకటే కూర, అడుక్కున్నమ్మకు అరవై కూరలు అంటావుగా, అలా ఉంది నా పని.

నీ,
పిచ్చుక

తా.క. తిన్న పళ్ళెం గూట్లోనే పెట్టేస్తున్నాను. మళ్ళీ వచ్చి చూసేసరికి ఉండదు.


నవంబరు 2

పిచ్చుకకు.

నేను ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. ఆ ఊళ్ళో నాకు తెలిసినది నువ్వొక్కదానివే.

ఇప్పుడు నేను అడిగేదానికి సూటిగా జవాబు చెప్పు. ఎవడు వాడు? రైలు బడివాడా, బయటివాడా? నా కార్డులు నీకంటే ముందు చదివే చనువు అతనికి ఎక్కడిది? ఒక ఆడపిల్ల గోడలో నుంచి భోజనం వచ్చిందని అమ్మమ్మకు ఉత్తరం రాస్తే, ఆ అమ్మమ్మ నమ్మి ఊరుకోవాలా? గోడలో నుంచి భోజనం రాదు. భోజనం వెనక ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. అతనికి ఒక ఉద్దేశం ఉంటుంది.

ఎవరో తేలేదాకా ఆ పళ్ళెం ముట్టుకోకు. నువ్వే వండుకో.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. శనగలు మెత్తగా ఉడికాయా? ఉప్పు సరిపోయిందా? ఇది వేరే ప్రశ్న, పై విషయానికి సంబంధం లేదు.


నవంబరు 10

అమ్మమ్మకు నమస్కారాలు.

ఎవడూ లేడు. మా బ్యాచ్‌లో మగపిల్లలకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు, నువ్వు అనవసరంగా వాళ్ళను పొగుడుతున్నావు.

నీ మాట విని రెండు పూటలు పళ్ళెం ముట్టలేదు. గుడ్డ కూడా తీయకుండా గూట్లోనే ఉంచాను. రెండుసార్లూ అలాగే కిందికి వెళ్ళింది. మూడో పూట పళ్ళెంతో పాటు ఒక చీటీ వచ్చింది. వణికే చేతిరాత, పెన్సిలు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"గది 7. రెండు పూటలు ముట్టలేదు. కారణం రాయవలెను."

అమ్మమ్మా, నేను ఇంజను కింద దూరి బోల్టులు బిగించే పిల్లను. నాకు భయం తక్కువ. అయినా ఆ చీటీ చదివాక చేతులు కడుక్కుని, బుద్ధిగా కూర్చుని, ఆఖరి పెసగింజ దాకా తిన్నాను. తిన్నాక ధైర్యం తెచ్చుకుని తలుపు తెరిచి, కింద ఎవరండీ అని గట్టిగా అరిచాను. జవాబు లేదు. తాడు పట్టుకుని ఒకసారి లాగాను.

కింద నుంచి ఎవరో తిరిగి లాగారు. ఒక్కసారే. మర్యాదగా.

ఆదివారం షెడ్డు ఆసుపత్రిలో చూపించుకున్నాను. 8.8.

నీ,
పిచ్చుక

తా.క. శనగలు మెత్తగా ఉడికాయి. ఉప్పు తక్కువే, నువ్వు రాసినట్టు. నీ ప్రశ్నకు సంబంధం లేని జవాబు ఇది.


నవంబరు 15

పిచ్చుకకు ఆశీస్సులు.

8.8 చూసి ఒక పూట కోపం ఆపుకున్నాను. ఇక చాలు.

"కారణం రాయవలెను" అన్న మాట నాది. ముట్టని పళ్ళెం వంటశాలకు తిరిగి వస్తే మా వార్డులకు నేను పంపించే చీటీ మీద అదే ఉండేది. నా అలమరలో పాత చీటీల కట్ట ఉందని, చిన్నప్పుడు వాటితో నువ్వు ఆసుపత్రి ఆట ఆడేదానివని నాకు గుర్తుంది. నా మాటలు నాకే తిప్పి చెప్పి నన్ను ఆటపట్టిస్తున్నావా? ఈ వయసులో నాకు దయ్యం కథలు చెప్పి నిద్రపుచ్చాలనుకుంటున్నావా?

సరే, పరీక్ష పెడతాను. సోమవారం కార్డులో పచ్చిబఠానీ రాస్తున్నాను. ఇంకా నెల దాటితే తప్ప బఠానీ కాయదు. నీ వంటవాడు మనిషైతే బజారంతా తిరిగి ఖాళీ చేతులతో వస్తాడు. దయ్యమైతే దానికి కాలంతో పని ఉండదు కాబట్టి తెస్తుంది. నువ్వే అయితే, కిందటి ఏడాది ఎండబెట్టిన బఠానీ నానబెట్టి పచ్చిదని రాస్తావు. మూడింటిలో ఏదో ఒకటి తేలుతుంది.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. తాడు మళ్ళీ లాగకు. పని చేసుకునేవాళ్ళను విసిగించకూడదు, వాళ్ళు ఎవరైనా సరే.


నవంబరు 26

అమ్మమ్మకు నమస్కారాలు.

బఠానీ రాలేదు. చిక్కుడుకాయ కూర వచ్చింది. నీ కార్డు మర్నాడు మెట్టు మీదికి వచ్చింది, నీ అక్షరాల కింద పెన్సిలుతో ఇలా రాసి:

"ఇది బఠానీ కాలం కాదు. బదులు చిక్కుడు పంపడమైనది. చీటీ రాసేవారు ఋతువు చూసుకుని రాయవలెను."

నువ్వు ఈ వాక్యం చదువుతున్నప్పుడు నీ మొహం చూడాలని ఉంది. ఇది నేను రాశానని మాత్రం అనకు. నీకు ఈ మాట చెప్పే గుండె మన వంశంలో ఎవరికీ లేదు.

ఇంటి యజమాని వేరే వీధిలో ఉంటాడు, వెళ్ళి అడిగాను. కింద ఎవరూ లేరన్నాడు. పదకొండేళ్ళుగా మూసే ఉందట. మరి మీరు లోపలికి వెళ్ళి చూశారా అంటే, చిన్నప్పుడు అక్కడే సూది వేయించుకున్నానమ్మా, ఆ వాసన వస్తే ఇప్పటికీ వెనక్కి తిరిగేస్తాను, వాకిలి దాటలేదు అన్నాడు. ఆరడుగుల మనిషి.

ఇంకో సంగతి. ఇన్నాళ్ళూ గమనించలేదు. నీ కార్డులన్నీ ముందేసుకుని చూస్తే, ప్రతి కార్డుకూ సరిగ్గా మధ్యలో ఒక చిల్లు ఉంది. మేకు గుచ్చినట్టు. కవరులో వచ్చే ఉత్తరాలకు మాత్రం లేదు.

అమ్మమ్మా, నేను ఇక్కడ ఉండనా, గది మార్చనా? మారితే ఈ భోజనం ఉండదు. ఉంటే ఒక్కోసారి లైటు ఆర్పకుండానే పడుకోవాల్సి వస్తోంది. నిన్న 9.7 వచ్చింది.

నీ,
పిచ్చుక

తా.క. నువ్వేం తింటున్నావో మూడు ఉత్తరాలుగా చెప్పలేదు. కారణం రాయవలెను.


డిసెంబరు 1

పిచ్చుకకు ఆశీస్సులు.

గది మార్చకు. ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఋతువు చూసుకొమ్మని నాకు చెప్పినవాళ్ళు లేరు. ఆ కార్డు చదివి పది నిమిషాలు కోపంగా కూర్చున్నాను. పదకొండో నిమిషం నుంచి ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

అవును, మనిషే. ఆ చిల్లు సంగతి నువ్వు ముందే రాసి ఉంటే ఇంత కాగితం ఖర్చయ్యేది కాదు. మా ఆసుపత్రి వంటశాలలో పొయ్యి పక్కన గోడకు పెద్ద మేకు ఉండేది. వంట అయి, పళ్ళెం గదికి వెళ్ళాక ఆ గది చీటీని మేకుకు గుచ్చేవాళ్ళు. గుచ్చారంటే పని పూర్తయిందని అర్థం. అన్ని ఆసుపత్రుల్లోనూ ఇదే పద్ధతి. దయ్యాలు మేకుకు గుచ్చవు పిచ్చుకా, ఉద్యోగులు గుచ్చుతారు.

ఇంకొకటి నా తప్పు. అద్దాలు పెట్టుకుని నా దగ్గరున్న నకళ్ళు చూసుకున్నాను. ప్రతి కార్డు కింద, అలవాటు కొద్దీ, "ఆహార విభాగం" అని సంతకం చేశాను. పైన గది నంబరు, కింద ఆహార విభాగం. వంటవాడి చేతిలో పడితే అది మనవరాలికి రాసిన కార్డు ఎలా అవుతుంది? రోగికి రాసిన చీటీ అవుతుంది. నీ చేతికి రావాల్సిన కార్డులు ముందు అతని చేతిలో ఎందుకు పడుతున్నాయో అది నువ్వు కనుక్కో.

ఆదివారం పట్టపగలు, నీ బ్యాచ్‌లో గట్టి పిల్లను ఒకతెను వెంటపెట్టుకుని, ఇంటి వెనక వైపు వెళ్ళు. మనిషి కోసం వెతకకు. తొక్కల కోసం వెతుకు. వంటవాడు దాక్కోగలడు, పొగ దాచగలడు. గుమ్మడి తొక్క మాత్రం ఎక్కడో ఒకచోట పడాల్సిందే.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. చిక్కుడులో ఉప్పు సరిపోయిందా? బదులు పంపినప్పుడు ఉప్పు లెక్క మారుతుంది. అది కూడా అతనికి తెలిసి ఉంటే నేను అతన్ని తప్పుపట్టలేను.


జనవరి 29

అమ్మమ్మకు నమస్కారాలు.

ముందు అసలు విషయం. 11.6. డాక్టరు రెండుసార్లు చూసి సంతకం పెట్టాడు. వచ్చే నెల నుంచి ఇంజను ఎక్కుతున్నాను, పక్క సీటులో. కూత తాడు నా వైపే ఉంటుంది.

డిసెంబరు నుంచి ఆదివారాలన్నీ షెడ్డులోనే పని పడింది, అందుకే కనుక్కోవడం ఆలస్యమైంది. నిన్న వెళ్ళాను. గట్టి పిల్ల సందు మలుపులోనే ఆగిపోయింది, నేను ఒక్కదాన్నే వెళ్ళాను. వెనక సందులో తొక్కల గుట్ట, దానికి ఆనుకుని పెరటి తోట. పాలకూర, చిక్కుడు పందిరి, బీట్‌రూట్ మళ్ళు. ఇప్పుడు బఠానీ కూడా కాసింది. తోట వెనక తలుపు, తలుపు వెనక వంటశాల, పొయ్యి ముందు పీట మీద ఒక ముసలాయన. ఎనభై పైన ఉంటాయి. రెండు చెవులూ వినిపించవు, అందుకే నా అరుపులకు జవాబు లేదు. పలక మీద రాసి మాట్లాడాను. ఆయన నోటితో చెప్పాడు.

ఇనుప మెట్ల పక్కన గోడకు ఇత్తడి మూత ఉన్న కంత ఒకటి ఉంది. పోస్టాయన ఉత్తరాలు అందులో వేస్తాడు, వేయడానికి ఇంకో చోటు లేదు. ఒకప్పుడు నర్సులు చీటీలు వేసిన కంత అది, నేరుగా వంటశాలలో పడుతుంది. కవర్లు ఆయన ముట్టడు, వాటిని తెచ్చి మెట్టు మీద పెడతాడు. కార్డులు చూసి వండుతాడు, గుచ్చుతాడు, మర్నాడు తీసి అవీ మెట్టు మీదే పెడతాడు.

తాతగారూ, ఈ ఆసుపత్రి మూసేసి పదకొండేళ్ళయింది కదా అని రాశాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"మూసేశామని నాకు చీటీ ఎవరిచ్చారమ్మా? అందరూ నోటితో చెప్పి వెళ్ళిపోయారు. నేను నోటిమాట మీద పొయ్యి వెలిగించను, నోటిమాట మీద ఆర్పను."

పదకొండేళ్ళకు ఒక చీటీ వచ్చిందని, చేతిరాత చూడగానే సరైన మనిషి రాసిందని తెలిసిందని, ఆ రోజు పొయ్యికి దణ్ణం పెట్టుకున్నానని చెప్పాడు.

ఇక్కడిదాకా బాగుంది. ఇప్పుడు అసలైనది చెబుతాను, కూర్చుని చదువు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆయన ఏడు పళ్ళేలు వడ్డించాడు. నాది గూట్లో పెట్టి పైకి లాగేశాడు. మిగతా ఆరు తోపుడు బండి మీద పెట్టుకుని నడవాలోకి వెళ్ళాడు. వెంట వెళ్ళాను. రెండు వైపులా ఆరు గదులు. ఆరింటికీ తాళాలు, తుప్పు పట్టి తలుపుకే అతుక్కుపోయాయి. ప్రతి తలుపు ముందు ఒక స్టూలు. ఒక్కో స్టూలు మీద పళ్ళెం పెట్టి, చెంచాతో రెండుసార్లు టంగ్ టంగ్ మని కొట్టి, వెనక్కి వచ్చేశాడు. వీళ్ళెవరు అని రాశాను. "ఒకటి నుంచి ఆరు. వీళ్ళను ఇంటికి పంపినట్టు చీటీ రాలేదు" అన్నాడు.

ఇద్దరం అరగంట వంటశాలలో కూర్చుని బఠానీ వలిచాం. నడవా తలుపు నా కళ్ళ ముందే ఉంది, ఎవరూ దాటలేదు. తిరిగి వెళ్ళి చూస్తే పళ్ళేలు ఖాళీ. చెంచాలు బోర్లించి ఉన్నాయి. చాలు, తిన్నాం అన్నట్టు. గది 4 పళ్ళెంలో మాత్రం బీట్‌రూట్ ముక్కలు అంచు మీద వరసగా పేర్చి ఉన్నాయి. "ఆయన ముందు నుంచీ అంతే, బీట్‌రూట్ అంటే గిట్టదు" అన్నాడు తాతగారు, విసుగ్గా.

పిల్లులు అనకు. పిల్లి చెంచా బోర్లించదు.

పరిగెత్తుకుని పైకి వచ్చి తలుపు వేసుకున్నాను. గూట్లో నా పళ్ళెం వేడిగా ఉంది. ఏం చెప్పమంటావు, తిన్నాను.

తాతగారు నిన్ను రెండు అడగమన్నాడు. ఆయనకు మోకాళ్ళు పోయాయి, ఆ ఆరుగురికీ నువ్వు ఇంటికి పంపే చీటీలు రాయగలవా అన్నది మొదటిది. రెండోది, ఇంత బాగా రాసే ఆవిడ తను ఏం తింటుంది అని. నాకు జవాబు తెలియలేదు. సిగ్గేసింది. పోయిన శనివారం నువ్వు మూడు పూటలా ఏం తిన్నావో తూకంతో రాయి. కాగితం మీద రాయాలంటే చెయ్యి ఒక్క క్షణమైనా ఆలోచిస్తుందిగా.

నీ,
పిచ్చుక

తా.క. గట్టి పిల్ల గది 4 గురించి విని, ఆయన చేసింది న్యాయమే, బీట్‌రూట్ మట్టివాసన వేస్తుంది అంది.


ఫిబ్రవరి 3

పిచ్చుకకు ఆశీస్సులు.

11.6 అన్న అంకె మీద వేలు పెట్టి మూడుసార్లు చదివాను. కూత తాడు లాగేటప్పుడు మా ఊరి వైపు తిరిగి లాగు.

అడిగినదానికి జవాబు. శనివారం పొద్దున టీ, బిస్కెట్లు రెండు. మధ్యాహ్నం ఏమీ లేదు. సాయంత్రం టీ, బిస్కెట్లు రెండు. మొత్తం నలభై గ్రాములు, చక్కెర కాక. శుక్రవారం కూడా అంతే. మీ తాతయ్య పోయిన ఈ ఆరేళ్ళలో చాలా రోజులు అంతే. నేను ఎప్పుడూ వంద మందికి రాశాను, నలుగురికి వండాను. ఒక్కదానికి పొయ్యి వెలిగించడం నాకు ఎవరూ నేర్పలేదు. ఎదుటివాళ్ళకు చెప్పేందుకే నీతులు అని నువ్వు అనుకోవచ్చు. అనుకో. నీ ఉత్తరం చేరాక నేనూ పరీక్ష చేయించుకున్నాను. 8.1. కిందటి అక్టోబరులో నీకున్నదానికి, నాకు ఇప్పుడున్నదానికి తేడా రెండు గీతలు.

ఇక ఆ ఆరుగురి విషయం. రోగిని కళ్ళతో చూడకుండా ఇంటికి పంపే చీటీ నేను ఏనాడూ రాయలేదు, ఇప్పుడు రాయను. తాళాలు తీయించి, ఒక్కొక్కరినీ చూసి, తినవలసింది తిన్నారని తేలాక రాస్తాను. అందుకు గురువారం బండికి వస్తున్నాను. నీ గదిలో నాకు మంచం వద్దు. కింద వంటశాల పక్కన ఏదో ఒక గది ఉండకపోదు. దానికి ఎనిమిది అని బిళ్ళ వేయించు. ఆయన నోటిమాట మీద వండడు కాబట్టి చీటీ కూడా ఇందులోనే పెడుతున్నాను, చేతికి ఇవ్వు:

"గది 8. ముసలామె ఒకరు. గది 7కు పంపేదే పంపవలెను. ఉప్పు తక్కువ. ముట్టకపోతే కారణం అడగవలెను. ఆహార విభాగం."

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. గది 4 వారికి చెప్పు, పెద్దామె వస్తోందని. బీట్‌రూట్ అంచుకు నెట్టే అలవాటు ఎంతమంది చేత మాన్పించానో ఆయనకు తెలియదు.

మరొక తా.క. కవరు అంటించబోతుండగా వీధి తలుపు దగ్గర చెంచా చప్పుడు రెండుసార్లు వినిపించింది. గడియారం చూశాను, పన్నెండున్నర. పాలావిడ చెంబు పెట్టే స్టూలు మీద, తెల్లగుడ్డ కప్పిన స్టీలు పళ్ళెం ఉంది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను, ఎవరూ లేరు. ఈ చీటీ ఇంకా నా చేతిలోనే ఉంది. పళ్ళెం అంచున 4 అని చెక్కి ఉంది. లోపల బీట్‌రూట్ తప్ప ఇంకేమీ లేదు, ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి, వేడిగా. ఆయన తనకు గిట్టనిది నాకు పంపి, మాట పడకుండా తప్పించుకున్నాడు. తూచాను, నూట ఇరవై గ్రాములు, పోయిన వారం నీ కార్డులో నేను రాసినంతే. ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాను. చెంచా బోర్లించాను. పళ్ళెం గురువారం నేనే తెస్తాను.

ఉప్పు సరిపోయింది.